తమ్ముడికి కబడ్డీలో నెత్తికి దెబ్బ తగిలింది, స్కాన్ నార్మల్ వచ్చింది, ఆదివారం ఫైనల్ ఆడించొచ్చా?

పరకాల అన్న | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. నా తమ్ముడికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్ట్ ఇయర్, కబడ్డీలో రైట్ కార్నర్ (కుడి చివర నిలబడి రైడర్‌ను పట్టేవాడు) ఆడతాడు. నిన్న సాయంత్రం పక్క మండలంలో టోర్నమెంట్ సెమీస్ జరిగింది. రెండో హాఫ్‌లో రైడర్ వెనక్కి తిరిగే టైంలో వీడు కాలు పట్టడానికి కిందికి దూకాడు, రైడర్ మోకాలు వచ్చి నేరుగా చెవి పైన తగిలింది, ఆ ఊపులోనే తల పోయి మ్యాట్‌కు కొట్టుకుంది. నేను గీత పక్కనే నిలబడి ఉన్నాను. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

సోయి మాత్రం తప్పలేదు, అది గట్టిగా చెప్పగలను. వెంటనే లేచి చేతులు దులుపుకున్నాడు. కానీ లేచినవాడు మా వైపు రాకుండా అవతలి జట్టు కోర్టులోకి పోయి వాళ్ల కార్నర్‌లో నిలబడ్డాడు. చూసేవాళ్లంతా నవ్వారు. కోచ్ సార్ చేయి పట్టుకుని ఇటు తీసుకొచ్చారు, మిగిలిన ఆట మొత్తం ఆడాడు, ఒక ట్యాకిల్ కూడా చేశాడు, మ్యాచ్ గెలిచాం. బండి మీద ఇంటికి వస్తుంటే "అన్నా, మనం గెలిచినమా?" అని అడిగాడు. గెలిచాం రా అని చెప్పాను. పెట్రోల్ బంకు దాటాక మళ్లీ అడిగాడు. మా ఊరి కమాన్ దగ్గర మూడోసారి అడిగాడు. అప్పుడు నాకు కడుపులో ఏదోలా అయింది.

రాత్రి అన్నం తినగానే ఒకసారి వాంతి చేసుకున్నాడు. ట్యూబ్‌లైట్ ఆర్పమని గొడవ, ముఖం మీద టవల్ వేసుకుని పడుకున్నాడు. ఈరోజు పొద్దున హన్మకొండ తీసుకుపోయి ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో చూపించాను, సీటీ స్కాన్ తీశారు. రిపోర్ట్ నార్మల్ ఉంది, రక్తం గడ్డకట్టలేదు, ఎముక విరగలేదు అన్నారు. అక్కడ రద్దీగా ఉండడంతో ఆట గురించి అడిగే తీరిక దొరకలేదు, రెండు రోజులు రెస్ట్ అని చెప్పి గోలీలు రాసిచ్చారు.

ఇప్పుడు సమస్య ఏమిటంటే ఆదివారం ఫైనల్. జిల్లా సెలక్షన్ చూసేవాళ్లు వస్తున్నారట. కోచ్ ఫోన్ చేసి "స్కాన్ నార్మలే కదా, ఇంకేం భయం, రెండు రోజుల రెస్ట్ కూడా అయిపోతుంది, తీసుకురా" అంటున్నారు. మా నాన్న "నాగలి పట్టినోడికి, కబడ్డీ ఆడినోడికి దెబ్బలు తగలకుండా ఉంటాయా" అంటున్నాడు. తమ్ముడైతే ఆడకపోతే చచ్చిపోతా అన్నట్టు ఉన్నాడు. ఇంట్లో వద్దంటున్నది నేనూ అమ్మా ఇద్దరమే, మా దగ్గర గట్టి కారణం కూడా లేదు, భయం తప్ప. స్కాన్ నార్మల్ వస్తే ఆడొచ్చా? లేకపోతే ఎన్ని రోజులు ఆగాలి? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఫిజియో అక్క, హన్మకొండ | శుక్రవారం రాత్రి 10:15

తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఆదివారం ఆడించకు. మిగతాదంతా తర్వాత చదువు.

నేను డాక్టర్‌ను కాదు, ఫిజియోథెరపిస్ట్‌ను, ఆటగాళ్లతోనే నా పని. నువ్వు రాసిన దాంట్లో వాడు వేరే జట్టు కోర్టులో పోయి నిలబడడం, అడిగిందే మూడుసార్లు అడగడం, వాంతి, వెలుతురు పడకపోవడం, ఇవన్నీ కాంకషన్ లక్షణాలే. కాంకషన్ అంటే మెదడుకు తగిలిన కుదుపు దెబ్బ. సోయి తప్పితేనే పెద్ద దెబ్బ అని మనవాళ్లందరి నమ్మకం, కానీ ఆటల్లో కాంకషన్ అయినవాళ్లలో సోయి తప్పేది నూటికి పది మంది కూడా ఉండరు. మిగతావాళ్లు మీ తమ్ముడిలాగే లేచి దులుపుకుంటారు.

స్కాన్ సంగతి. సీటీ తీసేది పుర్రె పగిలిందా, లోపల రక్తం కారిందా అని చూడడానికి. అది నార్మల్ రావడం నిజంగా మంచి వార్త, దాన్ని కొట్టిపారేయడం లేదు. కానీ కాంకషన్ ఆ స్కాన్‌లో కనిపించదు. పెరుగు కుండను బండి మీద పెట్టుకుని పోతుంటే సడన్ బ్రేక్ పడిందనుకో. కుండ పగలదు, చుక్క కూడా బయట పడదు, ఇంటికి పోయి మూత తీస్తే పెరుగు విరిగి నీళ్లు తేలి ఉంటుంది. మెదడు కూడా పుర్రె లోపల నీటిలో తేలుతూ ఉంటుంది. తల గిర్రున తిరిగినప్పుడు లోపల ఉన్న సన్నని నరాల పోగులు సాగుతాయి, కణాల లోపలి రసాయనాల లెక్క తప్పుతుంది. దాన్ని సర్దుకోవడానికి మెదడుకు చాలా శక్తి కావాలి, సరిగ్గా అదే టైంలో దానికి అందే రక్తం తగ్గుతుంది. అందుకే నిద్రమత్తు, మబ్బుగా ఉండడం, చిరాకు.

ఈ సర్దుకునే టైంలో ఇంకో దెబ్బ తగిలితే, అది చిన్న దెబ్బే అయినా సరే, మెదడు ఒక్కసారిగా వాచిపోవచ్చు. అరుదే, కానీ జరిగిన కేసుల్లో ఎక్కువ మంది మీ తమ్ముడి వయసు పిల్లలే, నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో జాకరీ లైస్టెడ్ అని 13 ఏళ్ల పిల్లవాడు ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలి, కాసేపు బయట కూర్చుని మళ్లీ దిగాడు. మ్యాచ్ అయిపోయాక కుప్పకూలాడు. ప్రాణం దక్కింది గానీ మళ్లీ మాట రావడానికే నెలలు పట్టింది. ఆ పిల్లవాడి పేరుతోనే 2009లో అక్కడ చట్టం చేశారు, తలకు దెబ్బ తగిలిన పిల్లలను ఆ రోజే బయటికి తీయాలి, డాక్టర్ రాసిస్తేనే మళ్లీ దించాలి అని. నిన్న మీ తమ్ముడు దెబ్బ తగిలాక కూడా ఆడాడు అని రాశావు చూడు, అది చదివి నా గుండె ఆగినంత పనైంది.

ఈ రాత్రి ఏం చేయాలో చెప్తాను. వాణ్ని ఒంటరిగా పడుకోనివ్వకు. నిద్రపోనివ్వకూడదు అని పక్కింటివాళ్లు చెప్తారు, అది నిజం కాదు, డాక్టర్ చూశారు కాబట్టి పడుకోవచ్చు, నిద్ర మంచిదే. కానీ తలనొప్పి అంతకంతకూ పెరిగినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, చేయో కాలో బలం తగ్గినా, ఒక కంటిపాప పెద్దగా ఇంకోటి చిన్నగా కనిపించినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలా కారినా, ఫోరమ్‌లో అడుగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్. తలనొప్పికి పారాసిటమాల్ వరకు ఫర్వాలేదు, మొదటి రోజుల్లో ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి డాక్టర్ చెప్పకుండా వేయొద్దు. రెండు రోజులు ఫోన్ దూరం పెట్టు, బండి నడపనివ్వకు.

నర్సంపేట సీనియర్ | శుక్రవారం రాత్రి 11:05

నేను కొంచెం వేరే మాట చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. మేమంతా మట్టి కోర్టుల్లో ఆడినవాళ్లం. నెత్తి పగిలితే పసుపు అద్దుకుని మళ్లీ కూత పెట్టేవాళ్లం. పల్లెటూరి పిల్లవాడికి సెలక్షన్ కంటపడే రోజు ఏడాదికి ఒక్కసారి వస్తుంది, అది తప్పితే వయసు గ్రూపు దాటిపోతాడు, సర్టిఫికెట్ ఉండదు, స్పోర్ట్స్ కోటా ఉండదు. ఫిజియో అక్క చెప్పింది నిజమే కావచ్చు, కానీ ఆ ఇంట్లో ఆ ఒక్క అవకాశం విలువ ఎంతో కూడా ఆలోచించాలి కదా. మొత్తం ఆడకపోయినా రెండు మూడు రైడ్ల వరకు దించి సెలక్టర్లకు చూపించి బయటికి తీయొచ్చేమో.

లెఫ్ట్ కార్నర్ 7 | శనివారం పొద్దున 6:20

సీనియర్ అన్నా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను. ఆ "రెండు మూడు రైడ్లు" నేను ఆడాను.

2011లో డిగ్రీ సెకండ్ ఇయర్‌లో ఉన్నప్పుడు జమ్మికుంట వైపు ఒక టోర్నమెంట్. మొదటి రోజు డాష్ కొట్టబోయి (రైడర్‌ను గీత బయటికి నెట్టబోయి) మా కవర్ ప్లేయర్ తల, నా తల ఢీకొన్నాయి. కళ్ల ముందు మెరుపులు వచ్చాయి, అంతే. తెల్లారి తల బరువుగా ఉన్నా చెప్పలేదు, చెప్తే కూర్చోబెడతారని. రెండో రోజు చైన్ పట్టినప్పుడు, అంటే చేతులు కలిపి రైడర్‌ను చుట్టినప్పుడు, ఎవరిదో మోచేయి తగిలింది, అసలు పెద్ద దెబ్బ కూడా కాదు, చూసినవాళ్లు ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ తర్వాత ఐదు నెలలు నేను మనిషిలా లేను. పుస్తకం తెరిస్తే వరసలు కదిలేవి. మా ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని వంటింటి గడప మీద కూలబడేవాణ్ని, అమ్మ పరిగెత్తుకొచ్చి గ్యాస్ కట్టేసేది. దిష్టి తీసింది, గుడికి తీసుకుపోయింది, ఎవరో గాలి సోకిందన్నారు. చిన్నదానికీ అరిచేవాణ్ని, దోస్తులు పొగరు పెరిగిందని మాట్లాడడం మానేశారు. ఆ సంవత్సరం మూడు పేపర్లు పోయాయి. బయటికి ఒక్క గీత లేదు అన్నా, కాలు విరిగితే పిండికట్టు చూసి జాలిపడతారు, దీనికి చూపించడానికి ఏమీ ఉండదు.

ఇంకొకటి, కార్నర్ ఆడేవాడికి క్షణంలో సగంలో నిర్ణయం తీసుకోవాలి. మెదడు మబ్బుగా ఉన్నప్పుడు చేయి ఆలస్యంగా పోతుంది, తల ముందు పోతుంది. మళ్లీ దెబ్బ తగిలే అవకాశమే ఎక్కువ. పోనీ తగలలేదనుకుందాం, సగం తెలివితో ఆడే కార్నర్‌ను చూసి ఏ సెలక్టర్ రాసుకుంటాడు?

కబడ్డీ జట్టు అంటే 12 మంది. ఏడుగురు కోర్టులో, ఐదుగురు బయట. ఆ ఐదుగురు ఉన్నది దీనికే. తమ్ముడూ, కోచ్‌కు ఈ మాటే చెప్పు. నేను ఇప్పుడు ఒక స్కూల్లో పీఈటీగా చేస్తున్నాను, నెత్తికి దెబ్బ తగిలిన పిల్లవాడి నీక్యాప్‌లు తీసి నా జేబులో పెట్టుకుంటాను. ఏడ్చినా ఇవ్వను. నా కళ్లు కప్పి కోర్టులోకి పోలేడు కదా.

ఇందూరు అమ్మ | శనివారం పొద్దున 8:50

నేను నిజామాబాద్ నుంచి. మా పాపకు 14 ఏళ్లు, బాక్సింగ్ నేర్చుకుంటోంది. 2022లో నిఖత్ జరీన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మా వీధిలోనే ముగ్గురు ఆడపిల్లలు గ్లవ్స్ కొనుక్కున్నారు, మా పాప అందులో ఒకతి. నాకు ఈ ఆట మీద కోపం లేదు, నా బిడ్డకు ధైర్యం ఇచ్చింది ఈ ఆటే.

నేను అనుకున్నది ఏమిటంటే హెడ్‌గార్డ్ పెట్టుకుంటుంది కదా, ఇంకేం కాదు అని. అది తప్పు. హెడ్‌గార్డ్ కనుబొమ్మ చిట్లకుండా, చెవి వాయకుండా ఆపుతుంది. లోపల మెదడు కదలకుండా ఆపలేదు. మగ బాక్సర్లకు పెద్ద పోటీల్లో 2013 నుంచి హెడ్‌గార్డ్ తీసేశారు కూడా. ఒకరోజు స్పారింగ్ (ప్రాక్టీస్ బౌట్) నుంచి వచ్చి మామూలుగానే తిన్నది, మాట్లాడింది, హోంవర్క్‌కు కూర్చుంది. లెక్కల నోట్‌బుక్ చూస్తే అంకెలన్నీ గీత మీద నుంచి జారి కిందికి పోతున్నాయి, ఒక పేజీలో ఏడును రెండు చోట్ల తిరగేసి రాసింది. మా పాప చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. అడిగితే అప్పుడు చెప్పింది, దవడ మీద ఒక పంచ్ గట్టిగా పడింది, కాసేపు కోచ్ గొంతు దూరం నుంచి వినిపించింది అని. కోచ్‌కు ఎందుకు చెప్పలేదే అంటే, ఆడపిల్లలు ఓర్చుకోలేరు అంటారని భయమట.

డాక్టర్ చెప్పిన మాట ఒకటి నాకు బాగా పనికొచ్చింది. ఆట కంటే ముందు చదువుకు పంపాలి. బడిలో పూర్తి రోజు తలనొప్పి లేకుండా కూర్చోగలిగాకే ఆట ఊసు ఎత్తాలి. మొదట సగం పూట పంపాను, టీచర్‌తో మాట్లాడి పరీక్ష వారం వాయిదా వేయించాను. పెద్దవాళ్లకు చాలామందికి రెండు వారాల్లో తగ్గుతుందట, పిల్లలకు నెల దాకా పట్టొచ్చు. మాకు 24 రోజులు పట్టింది. మీ అమ్మగారికి నా మాటగా చెప్పు నాయనా, ఆమె భయం ఊరికే కాదు, వద్దని గట్టిగా నిలబడమను.

ఖాజీపేట క్రికెట్ | శనివారం పొద్దున 10:30

మీ నాన్నకు చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను, మా ఇంట్లోనూ ఇలాంటి వాదనే క్రికెట్ ఉదాహరణతో తెగింది. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బౌన్సర్ ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్‌కు మెడ మీద తగిలింది. బయటికి తీసుకుపోయి పరీక్షించారు, పాసయ్యాడు, ముప్పావు గంటలో మళ్లీ వచ్చి 92 దాకా కొట్టాడు. తెల్లారి లేచేసరికి తలనొప్పి, మత్తు. అప్పుడు లబుషేన్‌ను బదులుగా దించారు, టెస్టుల్లో మొదటి కాంకషన్ సబ్‌స్టిట్యూట్ అతనే, ఆ రూలు వచ్చింది కూడా ఆ నెలలోనే. స్మిత్ తర్వాతి టెస్టు కూడా ఆడలేదు. అంటే ప్రపంచంలో అందరికంటే మంచి డాక్టర్లు పక్కనే ఉన్న ఆటగాడికి కూడా లక్షణాలు తెల్లారి బయటపడ్డాయి. మన జడేజాకు 2020లో కాన్‌బెర్రాలో స్టార్క్ బంతి హెల్మెట్‌కు తగిలితే చాహల్ వచ్చి మూడు వికెట్లు తీశాడు, అది చాలామందికి గుర్తుంటుంది.

ఇంకా ముందు జరిగింది చెప్తే బాధగా ఉంటుంది. 1998లో మన ఇండియా మాజీ ఆటగాడు రామన్ లాంబా ఢాకాలో క్లబ్ మ్యాచ్ ఆడుతూ హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో, అంటే బ్యాటర్‌కు బాగా దగ్గరగా, ఫీల్డింగ్‌కు నిలబడ్డారు. బంతి తలకు తగిలింది. తన కాళ్ల మీద తానే నడిచి డ్రెస్సింగ్ రూముకు వెళ్లారు. తర్వాత లోపల రక్తస్రావమై మూడు రోజులకు చనిపోయారు. వయసు 38. మీ వాడికి స్కాన్ తీశారు కాబట్టి ఆ భయం తగ్గింది, తీయించి చాలా మంచి పని చేశావు. లేచి నడిచాడు కదా, ఏం కాలేదు అనే మాటకే ఇది జవాబు.

పరకాల అన్న | శనివారం మధ్యాహ్నం 1:15

అందరికీ దండాలు. పొద్దున మీవన్నీ నాన్నకు చదివి వినిపించాను. లెఫ్ట్ కార్నర్ అన్న రాసిన కుక్కర్ విజిల్ సంగతి దగ్గర అమ్మ లేచి లోపలికి పోయింది. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే ఎప్పుడు ఆడాలె?" అని అడిగాడు. ఫిజియో అక్కా, దానికి లెక్క చెప్పండి, ఒక తేదీ చెప్తేనే తమ్ముడు ఊరుకునేలా ఉన్నాడు.

ఫిజియో అక్క, హన్మకొండ | శనివారం మధ్యాహ్నం 2:40

తేదీ చెప్పలేను తమ్ముడూ, వరస చెప్తాను. మొదటి ఒకటి రెండు రోజులు ఇంట్లోనే, మామూలు పనులు, చిన్నగా నడక. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి, అది వద్దు. తర్వాత వేగంగా నడవడం, సైకిల్, తలనొప్పి బాగా పెరిగితే ఆపేయాలి. తర్వాత ఒంటరిగా పరుగు, ఫుట్‌వర్క్. ఇక్కడిదాకా లక్షణాలు కొంచెం ఉన్నా డాక్టర్ సలహాతో చేయొచ్చు. ఆ పైన మాత్రం తలనొప్పి, మత్తు, వెలుతురు పడకపోవడం అన్నీ పూర్తిగా పోవాలి. అప్పుడు ఎవరినీ ముట్టుకోకుండా కోర్టులో డ్రిల్స్, కూత పెట్టి ఖాళీ రైడ్లు. ఆ తర్వాత డాక్టర్ చూసి సరే అంటే పట్టులు, డాష్‌ల ప్రాక్టీస్. చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు తక్కువలో తక్కువ ఒక రోజు, లక్షణాలు తిరిగి వస్తే ఒక మెట్టు కిందికి. బ్రిటన్‌లో ఊరి స్థాయి ఆటలకు 2023లో పెట్టిన నియమం ప్రకారం దెబ్బ తగిలాక 21 రోజులు గడవకుండా మ్యాచ్‌కు దించకూడదు, లక్షణాలు లేకుండా 14 రోజులు గడవకుండా పట్టుల ప్రాక్టీస్ కూడా లేదు. నేను నా దగ్గరికి వచ్చే పిల్లలకు అదే పాటిస్తాను.

నర్సంపేట సీనియర్ అన్నా, మీరు అన్న అవకాశం సంగతి నాకు తెలియనిది కాదు. తమ్ముడూ, ఆ సెలక్టర్లు వచ్చినప్పుడు నువ్వు ఫైనల్‌కు పో. హాస్పిటల్ చీటీ, సెమీస్ స్కోర్‌షీట్ ఫొటో పట్టుకుపో, సెమీస్ వీడియో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే అదీ చూపించు.

నర్సంపేట సీనియర్ | శనివారం సాయంత్రం 5:30

లెఫ్ట్ కార్నర్ తమ్ముడు రాసింది రెండుసార్లు చదివాను. మా జట్టులో ఒకడు ఉండేవాడు, మంచి రైడర్, చాలాసార్లు నెత్తికి తగిలించుకున్నాడు. ముప్పై దాటకముందే మతిమరుపు, కోపం, ఇంట్లో గొడవలు. తాగుడు వల్ల అని అందరం అన్నాం, నేనూ అన్నాను. ఇప్పుడు అనుమానం వస్తోంది. రెండు మూడు రైడ్లు అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సెలక్షన్ చూసేవాళ్లలో నాకు తెలిసినవాళ్లు ఉండొచ్చు, మెసేజ్‌లో నీ నంబర్ పంపు బాబూ.

పరకాల అన్న | ఆదివారం రాత్రి 9:10

ఆడించలేదు. కోచ్ సార్‌కు 12 మంది సంగతి చెప్తే కాసేపు ఆగి "సరే, డాక్టర్ కాగితం తెచ్చినప్పుడే తీసుకుంటా" అన్నారు, కోపంగా అనలేదు. నేను ఫైనల్‌కు పోయి సీనియర్ అన్న చెప్పిన సార్‌ను కలిశాను, పేరు, వయసు, పొజిషన్ రాసుకున్నారు, వీడియో చూశారు, మాట మాత్రం ఇవ్వలేదు. ఏడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం, రైట్ కార్నర్‌లోంచే మూడు బోనస్‌లు పోయాయి.

ఫిజియో అక్క, హన్మకొండ | ఆదివారం రాత్రి 9:25

వాడు ఎలా ఉన్నాడు? అడిగిందే అడుగుతున్నాడా ఇంకా?

పరకాల అన్న | ఆదివారం రాత్రి 9:45

లేదక్కా. నేను ఇంటికి రాగానే గెలిచినమా అని అడిగాడు, ఓడిపోయామని చెప్పాను, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ అడగలేదు. ట్యూబ్‌లైట్ వేసే ఉంది, ఆర్పమని కూడా అనలేదు. రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి తీసుకుపోతున్నాను, మీరు చెప్పిన మెట్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను.